టీఎస్‌హెచ్ పెరిగిందంటే ఏమిటి?



విజ్ఞాన సాహిత్యం మీద జరుగుతున్న ఈ సభలో నేను థైరాయిడ్ గురించే మాట్లాడదలచుకున్నాను. ఈ పేరు వినని ఇల్లు మన దగ్గర లేదు. అయినా రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగితే "థైరాయిడ్ ఎక్కువైంది" అనే అనుకుంటున్నాం. చాలామందిలో జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం.

గొంతు ముందు శ్వాసనాళాన్ని ఆనుకుని ఉండే థైరాయిడ్ గ్రంథి పెద్దవాళ్లలో 20 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ గుండ్రటి చిన్న చిన్న తిత్తులు. ప్రతి తిత్తికీ చుట్టూ ఒకే వరుస కణాలు, లోపల జిగురులాంటి పదార్థం. ఆ కణాలు రక్తంలోని అయోడిన్‌ను లోపలికి లాగుతాయి. తిత్తిలో థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రోటీన్ ఉంటుంది. దానిలోని టైరోసిన్‌లకు పెరాక్సిడేజ్ అనే ఎంజైము అయోడిన్‌ను అతికిస్తుంది. ఇలా తయారయ్యే హార్మోనులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటే టీ4, మూడుంటే టీ3. తయారైన హార్మోను వెంటనే రక్తంలోకి పోదు. రెండు మూడు నెలలకు సరిపడా అక్కడే నిల్వ ఉంటుంది. మరే వినాళ గ్రంథీ ఇంత ముందుచూపుతో పనిచేయదు.

పోచారం జలాశయం తూము ఎత్తాలంటే ఆయకట్టు నుంచి కబురు రావాలి. థైరాయిడ్‌కు ఆ కబురు మెదడు అడుగునున్న పిట్యూటరీ నుంచి వస్తుంది. అదే టీఎస్‌హెచ్. పిట్యూటరీని కదిలించేది దానికి పైనున్న హైపోథాలమస్ పంపే టీఆర్‌హెచ్. దాని నిర్మాణాన్ని 1969లో తేల్చిన గిల్లెమిన్, షాలీ అనే శాస్త్రవేత్తలు 1977లో నోబెల్ అందుకున్నారు. రక్తంలో హార్మోను చాలినంత ఉంటే పైనున్న రెండూ నెమ్మదిస్తాయి. గ్రంథి నీరసిస్తే పిట్యూటరీ కబురు మీద కబురు పంపుతుంది. టీఎస్‌హెచ్ పెరగడమంటే చాలావరకు హార్మోను తగ్గుతోందని అర్థం.

గ్రంథి నుంచి వచ్చేది ఎక్కువగా టీ4. కాలేయం, మూత్రపిండాల వంటి చోట్ల అది టీ3గా మారి పనిలోకి దిగుతుంది. రక్తంలోని టీ4 సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే నాలుగు రోజులు థైరాయిడ్ గోలీ మానేసినా ఏమీ తెలియదు. "నాకు తగ్గిపోయింది" అనుకుని బంద్ చేసే అక్కచెల్లెళ్లు ఇక్కడే మోసపోతున్నారు. డోసు మార్చాక ఆరు వారాలకు గానీ పరీక్ష చేయించమనకపోవడానికీ కారణం ఇదే. గర్భిణులకిచ్చే ఐరన్, కాల్షియం గోలీలు ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. థైరాయిడ్ గోలీ పరగడుపున వేసుకుని, వాటిని నాలుగు గంటల తర్వాత వేసుకోవాలి. ఈ ఒక్క మాట ప్రతి అంగన్‌వాడీ గోడ మీద ఉండాలని నా కోరిక.

అయోడిన్ మాటెత్తితే మన తెలుగువాడిని తలచుకోవాలి. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో గాయిటర్ అనే గొంతువాపు మీద అధ్యయనం మొదలుపెట్టారు. కొన్ని గ్రామాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో గొంతువాపులు సగానికి పైగా తగ్గాయి. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఆ పనే దారి చూపింది. ఇవాళ మన దగ్గర కనిపించే థైరాయిడ్ లోపంలో ఎక్కువ భాగం శరీర రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం వల్ల వచ్చేది. అలాగని అయోడిన్ ఉప్పును చిన్నచూపు చూడకూడదు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, గర్భిణికి 250. సంతలో విడిగా కొన్న దొడ్డుప్పులో అది ఉందన్న హామీ లేదు.

నన్ను అన్నిటికన్నా కలతపెట్టేది పసిబిడ్డల సంగతి. హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన శిశువులను పరీక్షిస్తే సుమారు 1700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం కనిపించింది. పుట్టినప్పుడు ఆ బిడ్డ మామూలుగానే ఉంటుంది. మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలే చెప్పాలి. రెండు వారాల్లోపు మందు మొదలుపెడితే తెలివితేటలు నిలుస్తాయి. నెలలు గడిస్తే పోయినది తిరిగి రాదు.

ఈ సంగతి ప్రతి తల్లికీ చేరాలి. మన కామారెడ్డికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి విద్యార్థులారా, చదివినదాన్ని ఎల్లారెడ్డి తల్లికి అర్థమయ్యే తెలుగులో రాయండి. రచయితలారా, వాళ్ల పక్కన కూర్చుని ఆ రాత దిద్దండి. కాన్పుకు వెళ్లే ప్రతి ఇంటివాళ్లూ "మా బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేశారా?" అని అడిగేలా చేయమని మీ అందరినీ చేతులు జోడించి కోరుతున్నాను.