తీర భద్రతకు చట్టం చేయాల్సిన మేలు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువతీ యువకులారా! మీలో కొందరు రేపు రాడార్లు, ఉపగ్రహ పరికరాలు తయారుచేస్తారు. కొందరు చట్టాలు రాస్తారు, వాటిపై వాదిస్తారు. మీరంతా చేతులు కలిపితేగాని తెమలని పని ఒకటి మన సముద్రతీరంలో ఉంది. తీర భద్రతకు సాంకేతికతను ఏటేటా పెంచుకుంటున్నాం. కానీ దాన్ని ఎవరు, ఎంతవరకు వాడాలో ఒక్కచోట చెప్పే చట్టం మనకు లేదు.

2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసిన పదిమందీ గుజరాత్‌కు చెందిన కుబేర్ అనే చేపల పడవను చేజిక్కించుకుని సముద్రం మీదుగానే వచ్చారు. 166 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత తీరం పొడవునా రాడార్లు వెలిశాయి. వాటి సమాచారాన్ని క్రోడీకరించే కేంద్రం 2014లో గురుగ్రామ్‌లో మొదలైంది. 20 మీటర్లు దాటిన పడవలకు ఆచూకీ తెలిపే పరికరం తప్పనిసరి అయింది. అయితే మన వేట పడవల్లో అధికభాగం అంతకన్నా చిన్నవే. ఆ లోటు తీర్చేందుకు లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం 2024 ఆగస్టులో ప్రారంభమైంది. ఇస్రో రూపొందించిన ఈ పరికరం పడవ ఎక్కడుందో ఒడ్డుకు చెబుతుంది. తుపాను హెచ్చరికను, సరిహద్దు దగ్గరపడిందన్న కబురును పడవకు చేరవేస్తుంది. ఆ కబురు విలువ ఉత్తరాంధ్రకు బాగా తెలుసు. 2018 చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లిన మన మత్స్యకారులు హద్దు దాటారంటూ పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలోగాని విడుదల కాలేదు.

ఆ పరికరం తన ప్రాణానికి అండ అనుకుంటే పడవను నడిపించే తండేలు దాన్ని ఆపడు. జరిమానాకు సాక్ష్యమనుకుంటే ఆపేస్తాడు. అలా ఆగిపోయిన పరికరాలు పెరిగేకొద్దీ, నిజంగా అనుమానించాల్సిన పడవకు దాక్కునే చోటు దొరుకుతుంది. మత్స్యకారుడి నమ్మకం లేనిదే తీర భద్రత నిలవదు. ఎప్పుడైనా మారిపోయే ఉత్తర్వుతో ఆ నమ్మకం కుదరదు. ఆచూకీ ఎవరి చేతికి వెళ్తుందో, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో, పరికరం చెడితే బాగుచేసే బాధ్యత ఎవరిదో చట్టమే చెప్పాలి. దానంతటది చెడిన పరికరానికి శిక్ష ఉండదనీ, హెచ్చరిక మత్స్యకారుడి భాషలోనే వస్తుందనీ హామీ ఇవ్వాలి.

సాంకేతికత వేగాన్ని చట్టం అందుకోలేదని కొందరంటారు. నిజమే. అందుకే చట్టంలో పరికరం పేరు రాయనక్కర్లేదు. అది చేయాల్సిన పని, దాటకూడని హద్దు రాస్తే చాలు. వివరాలను నిబంధనల్లో ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చు. భద్రతా విషయాలు బయటపెట్టకూడదన్నది మరో అభ్యంతరం. రాడార్ చూపు ఎంతదూరమో రహస్యంగానే ఉంచవచ్చు. పౌరుడి కదలికలను చూసే అధికారం ఎవరిదన్నది మాత్రం రహస్యం కాకూడదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు, దానిపై పరిమితి పెట్టాలంటే చట్టం ఆధారం ఉండాలనీ, అది అవసరానికి మించకూడదనీ స్పష్టం చేసింది.

ఇంజినీర్లారా, పరికరానికి రూపమిచ్చే ముందు విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవులకు వెళ్లి దాన్ని వాడాల్సినవారి మాట వినండి. న్యాయవిద్యార్థులారా, వారికి అర్థమయ్యే మాటల్లో చట్టం రాయండి.