కుక్కర్లో కాలర్డ్ కూర

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఆకుకూర వండడం గురించి మీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఆ సంగతి నాకూ తెలుసు. అయితే ఈవేళ నేను చెప్పబోయేది మన తోటకూర, గోంగూరల మాట కాదు. అమెరికాలో దక్షిణ రాష్ట్రాలవాళ్ళు, అంటే జార్జియా, అలబామా, కరొలైనాల వైపు వాళ్ళు, పొగబెట్టిన పంది మాంసం ముక్క వేసి గంటల తరబడి ఉడికించే ఆకుకూర సంగతి. పంది మాంసం అనగానే రేడియో కట్టేయకండి. మా ఇంట్లో కోడి, మేక తింటాం గాని ఆ అలవాటు మాకూ లేదు. ఎవరి తిండి వారిది. కాని ఆ కూర మూలంగా నాకు తెలిసివచ్చిన సంగతులు కొన్ని ఉన్నాయి. కుక్కరు వాడే ప్రతి ఇల్లాలికీ అవి పనికొస్తాయి.

2018 డిసెంబరులో మా అమ్మాయి పురిటికని అట్లాంటా వెళ్ళాను. పెట్టెలో ఆవకాయ, కారప్పొడులతోపాటు 5 లీటర్ల కుక్కరు ఒకటి, అదనంగా గాస్కెట్లు రెండు పెట్టుకెళ్ళాను. అమ్మాయికి కుక్కరు ఉంది. ఉన్నా సరే, తల్లి అన్నాక ఇంకొకటి పట్టుకెళ్ళకుండా ఉంటుందా?

పక్కింట్లో డెబ్భై దాటిన పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. నల్లజాతి ఆవిడ, స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారట. 2019 జనవరి 1న పొద్దున్నే మూత పెట్టిన గిన్నెలు రెండు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. ఒకదాంట్లో బొబ్బర్లు. అవును, మన బొబ్బర్లే! రెండోదాంట్లో ముదురాకుపచ్చగా, మెత్తగా ఉడికిన ఆకుకూర, దాని నిండా చిక్కటి నీళ్ళు. కొత్త సంవత్సరం మొదటి రోజున బొబ్బర్లు తింటే చేతిలో చిల్లర ఆడుతుందనీ, ఆకుకూర తింటే నోట్లు ఆడతాయనీ అక్కడివాళ్ళ నమ్మకం. డాలరు నోటు పచ్చగా ఉంటుంది కదా, అందుకు. మన ఉగాది పచ్చడిలాగే ఇదీ ఇరుగు పొరుగుకి పంచుకునేదన్నమాట.

ఆవిడ గుమ్మం దాటగానే మా అమ్మాయి మూత తీసి వాసన చూసి, "అమ్మా, ఇందులో పంది మాంసం ఉంది" అంటూ రెండు గిన్నెలూ చెత్తబుట్టలో వంపేసింది. మర్నాడు గిన్నెలు తిరిగి ఇస్తూ "చాలా బాగున్నాయి" అని చెప్పి వచ్చింది. ఆవిడ అంతటితో ఊరుకోకుండా సాయంత్రం కంచెదగ్గర నన్ను చూసి, "పిల్ల ఆ నీళ్ళు తాగిందా? పాలిచ్చే తల్లికి మంచిది" అన్నారు. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. అబద్ధం ఆడడానికి అదైనా చాలాలి కదా! చాల్లేదు. మేము పంది తినమనీ, పారబోశామనీ చెప్పేశాను. చెప్పాక కాళ్ళు వణికాయి. ఆవిడ ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరవాత, "ఆ మాట నిన్ననే చెబితే టర్కీ కోడి మెడముక్కతో చేసిచ్చేదాన్ని గదా, మా చెల్లెలు రక్తపు పోటు వచ్చిందగ్గర్నించి అలాగే చేసుకుంటుంది" అన్నారు. అంతే. నాకు మాత్రం వంపేసిన ఆ గిన్నెలు చాలా రోజులు కళ్ళముందు ఆడాయి.

ఆ ఆకు పేరు కాలర్డ్. క్యాబేజీ, కాలీఫ్లవరు, నూల్‌కోల్ — అన్నీ వృక్షశాస్త్రం ప్రకారం ఒకటే జాతి మొక్కలు. కాలర్డ్ కూడా ఆ జాతిదే, కాకపోతే గడ్డ కట్టకుండా పెద్దపెద్ద ఆకులు వేస్తుంది. మన దేశంలో కాశ్మీరు వాళ్ళు అన్నంలోకి వండుకునే హాక్ కూడా ఈ రకమే. శీతాకాలంలో మంచు పడ్డాక ఆకులో తీపి పెరుగుతుంది. 2011లో సౌత్ కరొలైనా రాష్ట్రం కాలర్డ్‌ని తమ అధికారిక ఆకుకూరగా ప్రకటించుకుంది కూడా.

అయితే దాని వెనక కథ అంత తియ్యనిది కాదు. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి బానిసలుగా ఉంచినవారికి యజమానులు రేషనుగా ఇచ్చేది ముఖ్యంగా మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టించిన పంది మాంసం. రోజంతా పొలంలో చాకిరీ చేసి, గుడిసె పక్కన దొరికిన చెక్కలో ఆకుకూర వేసుకునేవారు. ఆకుల్ని నీళ్ళతో, మాంసం ముక్కతో మెత్తగా ఉడికించడం వాళ్ళు పశ్చిమ ఆఫ్రికానుంచి తెచ్చుకున్న వంట. బొబ్బర్లూ అక్కణ్ణించి వచ్చినవే. పెద్ద ఇంట్లో ఆకు దొరలు తినేసి, ఉడికిన నీళ్ళు వంటవాళ్ళకి వదిలేసేవారని చెబుతారు. సారమంతా ఆ నీళ్ళలోనే ఉందన్న సంగతి దొరలకి తెలియలేదు. ఆ నీళ్ళనే పాట్ లిక్కర్ అంటారు. లిక్కరంటే కంగారుపడకండి, సారా కాదు. మనం పప్పు మీద తేర్చుకునే కట్టు ఉందే, అలాంటిది. ఇది ఆకుకూర కట్టు.

తరవాత్తరవాత తెల్లవాళ్ళకీ అది ప్రాణమైపోయింది. 1931లో మొక్కజొన్న రొట్టెని ఈ కట్టులో ముంచుకు తినాలా, తుంచి కలుపుకు తినాలా అని లూసియానా గవర్నరు హ్యూయీ లాంగ్‌కీ, అట్లాంటా కాన్‌స్టిట్యూషన్ పత్రిక సంపాదకుడు జూలియన్ హారిస్‌కీ పెద్ద వాదమే నడిచింది. ముంచాలని గవర్నరు గారు. మజ్జిగలో జొన్నరొట్టె నలుపుకునేవాళ్ళని అడిగితే తగువు తీర్చేవారు.

ఇహ వంట సంగతికి వస్తాను. ఆవిడ పద్ధతిలో ఈ కూర పొయ్యి మీద రెండు మూడు గంటలు ఉడకాలి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అంతసేపు వంటింట్లో తిరగలేక, ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప వండడం మానేశానన్నారు. ప్రెషర్ కుక్కరు వాడొచ్చుగా అన్నాను. ఆవిడ చేతులు రెండూ ఎత్తేశారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కుక్కరు పేలి చిక్కుడు గింజలు పైకప్పుకి అంటుకున్నాయట. ఎంత చదువుకున్నా చిన్ననాటి భయం పోదు కాబోలు. మర్నాడు నా కుక్కరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అందులో ఏం వేయబోతున్నామో మా అమ్మాయికి చెప్పలేదు.

మొదటిసారి పరువు పోయింది. మన అలవాటు ప్రకారం ఆకు, మాంసం, ఉల్లిపాయ, నీళ్ళు అన్నీ ఒకేసారి వేసి, అంచుదాకా నింపి, మూత బిగించి, విజిల్స్ లెక్కపెట్టాను. మూడో విజిల్‌తో పచ్చటి నీళ్ళు చివ్వున చిమ్మాయి. ఆవిడ హాల్లోకి పరుగు. అయినా పట్టుదలకు పోయి పన్నెండు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే ఆకు రుబ్బినట్టు అయిపోయింది, మాంసం మాత్రం ఎముకని వదల్లేదు. ఆవిడ మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు. నాకే అన్నం సహించలేదు.

రాత్రి కూర్చుని ఆలోచిస్తే తప్పు కుక్కరుది కాదని తేలింది. గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కరు వెయిటు బిగిసి 15 పౌన్ల పీడనం కట్టాక లోపలి వేడి 121 డిగ్రీలకి చేరుతుంది. ఆ వేడికి గిట్టల పైన ఉండే గట్టి కీలుముక్క కూడా ముప్పావు గంటలో మెత్తబడుతుంది. ఆకుకి పది నిమిషాలు చాలు. రెంటినీ ఒకేసారి వేస్తే ఏదో ఒకటి చెడక తప్పదు. గోంగూర మాంసం వండేటప్పుడు ముక్క ఉడికాకనే గోంగూర కలుపుతాం కదా! ఇంట్లో పాటించేది పొరుగింట్లో మరిచిపోయాను.

రెండోసారి చేసిన పద్ధతి చెబుతాను, కావలసినవాళ్ళు రాసుకోండి. హామ్ హాక్ అని ఉప్పు పట్టించి పొగబెట్టిన కీలుముక్క వాళ్ళ దుకాణాల్లో దొరుకుతుంది. అరకిలో ముక్కని కడిగి, ఒక ఉల్లిపాయ తరుగు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అరచెంచా ఎండుమిరప పలుకులు, లీటరు నీళ్ళతో కుక్కర్లో పెట్టాలి. ఉప్పు వేయొద్దు, ఆ ముక్కలోనే బోలెడంత ఉంది. ఆవిరి కట్టాక మంట తగ్గించి, గడియారం చూసి 40 నుంచి 45 నిమిషాలు. విజిల్స్ లెక్క ఇక్కడ పనికిరాదు, మంట పెద్దదైతే విజిల్స్ గబగబా వస్తాయి గాని ముక్క ఉడకదు. టర్కీ మెడముక్కలైతే అరగంట సరిపోతుంది. ఇప్పుడు వస్తున్న కరెంటు కుక్కర్లలో పీడనం కొంచెం తక్కువ, ఇంకాస్త టైము ఇవ్వాలి.

ఈలోగా కిలో ఆకు తీసుకుని మధ్య కాడలు కోసేసి, ఆకుల్ని చుట్టి అంగుళం వెడల్పున తరగాలి. మూడు నీళ్ళు పోయాలి. బేసిన్‌లో ముంచి ఆకుని పైకి తీసెయ్యాలేగాని, నీళ్ళు వంచితే అడుగునున్న ఇసక మళ్ళీ ఆకుమీదకే వస్తుంది. ఆవిరి దానంతట అదే పోయాక మూత తీసి, గుప్పెడు గుప్పెడు ఆకు వేస్తూ వేడినీళ్ళలో వడలనివ్వాలి. కొండంత ఆకు అణిగి కుక్కర్లో మూడింట రెండు వంతులకి లోపలే ఉండాలి. అంతకు మించితే ఆకు ఆవిరి గొట్టానికి అడ్డం పడుతుంది. నాకు జరిగింది అదే. మూత పెట్టేముందు గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూసుకోవడం మరవకండి. మళ్ళీ మూత పెట్టి పది పన్నెండు నిమిషాలు. కాశ్మీరు వాళ్ళు హాక్‌ని కాసేపే ఉడికించి, రంగు పోకుండా ఆవిరి వెంటనే తీసేస్తారు. ఇక్కడ అలా కాదు, ఈ కూర ముదురు రంగుకి తిరగాలి, నోట్లో వేసుకుంటే కరిగిపోవాలి.

చివర్న మూత తీశాక రెండు చెంచాల వెనిగరు, చిటికెడు పంచదార. వెనిగరు ముందే పోస్తే ఆకు మెత్తబడదు. చింతపండు పులుసు ముందే పోస్తే ముక్క ఉడకదని మనకి తెలిసిందే కదా. మాంసాన్ని ఎముక నించి ఊడదీసి చీల్చి కలిపి, రుచి చూసి అప్పుడు కావాలంటే ఉప్పు.

ఆవిడ రొట్టె తుంచి కట్టులో ముంచుకున్నారు. కళ్ళు మూసుకుని, "మా అమ్మ చేసినట్టుంది, గంటన్నర తక్కువలో" అన్నారు. నాకు టర్కీ ముక్కతో వేరే గిన్నెలో చేసి పెట్టారు. పొగ వాసనా, ఆకు వగరూ, పైన పులుపూ — అన్నంలో కలుపుకున్నా అద్భుతంగా ఉంటుంది. అన్నంలో కలిపినందుకు ఆవిడ నవ్వారనుకోండి.

ఆ కట్టు బలవర్ధకమన్న ఆవిడ మాట ఉత్తమాట కాదు. కూర ఉడికేటప్పుడు ఖనిజ లవణాలు, నీళ్ళలో కరిగే విటమిన్లు కొంత నీళ్ళలోకి దిగుతాయి. వేడికి సి విటమిన్ కొంత పోతుంది, మిగిలినదాంట్లో కొంత ఆ నీళ్ళలో ఉంటుంది. పారబోస్తే అంతా పోయినట్టే. కాలర్డ్‌లో సున్నం ఎక్కువ. పాలకూరలోని సున్నాన్ని అందులోనే ఉన్న ఆక్జాలిక్ ఆమ్లం ఒంటికి పట్టనివ్వదు, దీనికి ఆ బెడద తక్కువ. అయితే హామ్ హాక్ వేసిన కట్టులో ఉప్పు జాస్తి, రక్తపు పోటు ఉన్నవాళ్ళు గ్లాసులకొద్దీ తాగకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ రకం ఆకులు ఉన్నట్టుండి ఎక్కువగా తినకూడదు. వీటిలోని కె విటమిన్ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. డాక్టర్ని అడిగి తినాలి.

మనకి కాలర్డ్ ఎక్కడ దొరుకుతుందంటారా? నూల్‌కోల్ కొనేటప్పుడు కూరలవాడు ఆకులు తుంపి పారేస్తాడు చూడండి, అవి అడిగి తెచ్చుకోండి. కాలీఫ్లవరు ఆకులు, క్యాబేజీ పైరేకులు కూడా ఆ కుటుంబమే. శాకాహారులు మాంసం ఊసు లేకుండా ఆకునే పది నిమిషాలు ఉడికించి, హైదరాబాదులో కబాబులకి చేసినట్టు, కూర మధ్య చిన్న గిన్నెలో నిప్పు కణిక పెట్టి, దానిమీద నెయ్యి చుక్క వేసి మూతపెడితే పొగ వాసన పడుతుంది.

సంగతంతా తెలిశాక మా అమ్మాయి, "పంది వండిన కుక్కరు నా ఇంట్లోకి తేవద్దు" అంది. దాని బాధ దానిది, నేను వాదించలేదు. కాని తరవాతి ఆదివారం పిల్లవాణ్ణెత్తుకుని తనే పక్కింటికి వెళ్ళి, ఆ గిన్నెల సంగతి తన నోటితో చెప్పి వచ్చింది. టర్కీ ముక్కతో చేసిన కట్టు ఒక గ్లాసుడు తాగి వచ్చింది కూడా. బాలింతకి వెనిగరు పులుపేమిటని నేను గొణిగితే ఇద్దరూ వినిపించుకోలేదు.

కుక్కరు ఆవిడ దగ్గరే ఉంచేసి మార్చిలో తిరిగి వచ్చాను. ఇప్పుడు ఆవిడ వారంవారం వండుకుంటున్నారట. గాస్కెట్టు వదులైందని మా అమ్మాయి చేత కబురు చేయిస్తే, అటు వెళ్ళేవాళ్ళతో రెండు పంపించాను. సెలవు.