బయాలజీ పుస్తకం – మన ఇప్పచెట్టు
(సంఘం వార్షిక సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా పెద్దలు మన భూమి గురించి, భాష గురించి, పాట గురించి చెప్పారు. నేను హాస్టల్ వార్డెన్ని. బీఈడీలో నా సబ్జెక్టు బయాలజీ. అందుకని బీఎస్సీలో చేరిన మన పిల్లల చేతికి వచ్చే మొదటి బయాలజీ పుస్తకం గురించి మాట్లాడతాను.

కొన్నేళ్ల కిందట మా హాస్టల్లో ఇంటర్ దాకా తెలుగులో చదివిన ఒక అమ్మాయి డిగ్రీలో చేరింది. రెండు నెలలకే నా దగ్గరకు వచ్చింది. "మేడం, పుస్తకమంతా ఇంగ్లీషే. ఒక్కో లైనులో నాలుగు మాటలు తెలియడం లేదు" అంది. నేనేం చేశానో తెలుసా? ఒక గైడు కొనిచ్చి, "ముందు ఇది బట్టీ పట్టు, పాసవుతావు" అన్నాను. ఆమె బట్టీ పట్టింది. ప్రశ్న కొంచెం తిప్పి అడిగేసరికి ఆగిపోయింది. రెండు పేపర్లు పోయాయి. పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోయింది. తప్పు ఆ పిల్లది కాదు. దారి చెప్పాల్సిన నేను అడ్డదారి చెప్పాను.

ఆ తర్వాత నేనే మళ్లీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. నాకు పనికొచ్చిన దారి మీకు చెబుతాను.

మొదట తెలుగు అకాడమీ పుస్తకం తీయండి. 1968లో ఆ సంస్థ పెట్టిందే మన భాషలో పై చదువుల పుస్తకాలు తేవడానికి. ఒక పాఠం తెలుగులో చదివి విషయం పట్టుకోండి. తర్వాత అదే పాఠం ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల ఇంగ్లీషు పుస్తకంలో చదవండి. వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. సిలబస్ తగ్గించినప్పుడు మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ లాంటి పాఠాలు పదకొండో తరగతి పుస్తకంలోంచి తీసేశారు. డిగ్రీలో అవి కావాలి. కాబట్టి సీనియర్ల దగ్గర పాత పుస్తకం ఉంటే అడిగి తీసుకోండి.

ఆ రెండూ అయ్యాక కాలేజీ పుస్తకం తెరవండి. అప్పటికి అందులో సగం మాటలు మీకు తెలిసినవే ఉంటాయి. ఇంకా కావాలంటే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఓపెన్‌స్టాక్స్ పేరుతో ఉచితంగా ఇస్తున్న 'కాన్సెప్ట్స్ ఆఫ్ బయాలజీ' ఉంది. సిగ్నల్ ఉన్నచోట ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే గూడెంలో కూర్చుని కూడా చదువుకోవచ్చు.

పక్కన ఒక నోటుబుక్ పెట్టుకోండి. మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో తెలుగు మాట, మూడో గడిలో మన ఇంటి మాట. ఆస్మాసిస్. ద్రవాభిసరణ. మూడో గడిలో ఏం రాస్తారు? ఉప్పు కలిపిన మామిడి ముక్కల్లోంచి నీరు ఊరడం అని రాయండి. ఇక ఆ మాట మర్చిపోరు. రోజుకు ఐదు మాటలు చాలు.

మూడో గడి నింపడానికి మనకున్నంత సరుకు పట్నం పిల్లలకు లేదు. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున అమ్మతో ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లినవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులో! పువ్వంతా మనం ఏరుకుపోయినా తర్వాత చెట్టుకు కాయ ఎలా కాస్తోంది? మనం ఏరేది పువ్వు మొత్తం కాదు. కండగల ఆకర్షణ పత్రావళి ఒక్కటే, కేసరాలతో సహా రాలి పడుతుంది. పుస్తకంలో దాన్నే 'కరోలా' అంటారు. అండాశయం కొమ్మ మీదే ఉండి కాయవుతుంది. ఆ గింజ నుంచే ఇప్పనూనె వస్తుంది. పువ్వు భాగాల పాఠం మీరు పరీక్ష కోసం చదువుతున్నారు. మీ అమ్మమ్మకు అది ఎప్పటినుంచో తెలుసు. పేర్లే తెలియవు.

ఇక చివరి మాట. చదువు ఆపేసిన ఆ అమ్మాయి చెల్లెలు ఇప్పుడు మా హాస్టల్లో ఇంటర్ బైపీసీ చదువుతోంది. సికిల్ సెల్ పరీక్ష చేసి ఇచ్చిన కార్డు పట్టుకుని ఒకరోజు రాత్రి ఏడుస్తూ వచ్చింది. కార్డు మీద 'క్యారియర్' అని ఉంది. "మేడం, నేను చచ్చిపోతానా?" అంది. ఈసారి నేను గైడు తీయలేదు. పన్నెండో తరగతి పుస్తకంలో వంశపారంపర్యత పాఠం తీసి ముందు పెట్టాను. ఇద్దరం కలిసి చదివాం. క్యారియర్ అంటే మారిన జన్యువు ఒక్కటే ఉందని. అది ఒక్కటే ఉంటే సాధారణంగా జబ్బు ఉండదు. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే మాత్రం ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ పిల్లే నాలుగు గడులు గీసి లెక్క వేసింది. సెలవులకు ఇంటికెళ్లి వాళ్లమ్మకు మన భాషలో చెప్పింది. అక్కకు కూడా చెప్పిందట. అక్క కూడా పరీక్ష చేయించుకుంది.

సికిల్ సెల్‌ను 2047 నాటికి లేకుండా చేస్తామని ప్రభుత్వం 2023లో జాతీయ మిషన్ మొదలుపెట్టింది. మంచిదే. కానీ కార్డు ఇచ్చినవాళ్లు వెళ్లిపోయాక, దాని మీద ఏం రాసి ఉందో గూడెంలో ఎవరు చదివి చెబుతారు? పెళ్లి మాటల్లో గోత్రంతో పాటు కార్డు కూడా చూసుకోవాలని పెద్దలకు ఎవరు నచ్చజెబుతారు? మీరే చెప్పాలి. అందుకే బట్టీ వద్దంటున్నాను.

సంఘం పెద్దలకు ఒక మనవి. డిగ్రీ పూర్తి చేసిన ప్రతి ఒక్కరి దగ్గరా పాత పుస్తకాలు, నోట్సు ఉంటాయి. వాటిని సంఘం ఆఫీసులో ఒక బీరువాలో పెడదాం. మొదటి కట్ట నేను ఈరోజే తెచ్చాను, ఆ బల్ల కింద ఉంది.

పిల్లలూ, ఆగిపోయిన మీ అక్కలను, అన్నలను ఒకసారి పలకరించండి. మళ్లీ చదువుతామంటే నా దగ్గరకు తీసుకురండి. వాళ్లతో ఈసారి నేనూ కూర్చుంటాను.

జై ఆదివాసీ!