ట్రిస్‌కు ఎండ దెబ్బ

జగిత్యాల దగ్గర పొలాసలో, సిరిసిల్లలో వ్యవసాయ కళాశాలలున్నాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి పిల్లలందరి చేతుల మీదుగా నడిచే ద్రావణం బఫర్. కాస్త ఆమ్లమో క్షారమో పడినా అది పీహెచ్‌ను పెద్దగా కదలనివ్వదు.

మట్టిలో జింకు చూసే డీటీపీఏ ద్రావణాన్నే తీసుకోండి. బఫర్ సాయంతో దాని పీహెచ్ 7.3 దగ్గర నిలవాలి. ఆమ్లం వైపు జారిందా, సున్నపు మట్టిలో పైరుకు అందని జింకు కూడా కరిగి వచ్చేస్తుంది. వరి రైతు చేతికి తప్పు లెక్క వెళ్తుంది. ఇది చిన్న విషయం కాదు.

ట్రిస్ అనే బఫర్‌తో ఇంకా జాగ్రత్త! వేడి ఒక్క డిగ్రీ పెరిగితే పీహెచ్ సుమారు 0.03 తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0కు సరిచేసిన సీసా, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో 8.6 చూపుతుంది. మన మే నెల గదిలో, 40 డిగ్రీల దగ్గర, 7.6కు దిగుతుంది. 1966లో శాస్త్రవేత్త నార్మన్ గుడ్ బృందం ప్రకటించిన హెపెస్ అనే బఫర్ పీహెచ్ ఇంతగా కదలదు. అందుకే బఫర్‌ను ఏ వేడిలో వాడతారో అక్కడే పీహెచ్ చూడండి. సీసా మీద ఆ డిగ్రీ కూడా రాయండి.