ప్రార్థనయు సత్కార్యమును
(గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగము)



మానవుడు భూమిపై కూడబెట్టుకొను ధనము చిమ్మటకును, త్రుప్పునకును, దొంగలకును పాలగునని క్రీస్తు పర్వతప్రసంగమున హెచ్చరించెను. అట్లయిన చెడక నిలుచున దేది? అపొస్తలుల కార్యములను గ్రంథమున ఒకదాని వెంట నొకటిగా నున్న రెండు వృత్తాంతములు ఈ ప్రశ్నకు సమాధాన మొసగుచున్నవి.

మొదటిది తబితా చరిత్రము. ఆమె యొప్పే యను సముద్రతీరపట్టణమున నివసించిన క్రీస్తు శిష్యురాలు. బీదలకు తోడ్పడుటయే యామె వ్రతము. ఆమె మరణింపగా, విధవరాండ్రు విలపించుచు, ఆమె కుట్టిన అంగీలను వస్త్రములను పేతురునకు చూపిరి. వేఱు స్తోత్రపాఠము లక్కఱలేకపోయెను. ఆ కుట్లే సాక్ష్యము పలికినవి. పేతురు అందఱను వెలుపలికి పంపి, మోకరించి ప్రార్థింపగా ఆమె కన్నులు తెఱచెనని గ్రంథము చెప్పుచున్నది. ఆ మంచముకడ సత్కార్యమును ప్రార్థనయు కలిసికొన్నవి.

రెండవది కొర్నేలీ కథ. ఇతడు కైసరయలో నున్న రోమను సైన్యమున శతాధిపతి, అనగా నూర్గురు భటులకు నాయకుడు. యూదుడు కాడు. అయినను నిత్యము ప్రార్థించుచు, ప్రజలకు విరివిగా ధర్మము చేయుచుండెను. ఒకనాడు పగలు మూడు గంటలవేళ దేవదూత కనబడి, ఆ ప్రార్థనలును ధర్మములును దేవుడు మఱవలేదని తెలిపెను. అంతట అతడు, యొప్పేలో చర్మకారుడైన సీమోను నింట బసచేసిన పేతురును పిలిపించెను. అన్యజాతివాని గడప త్రొక్కుట యూదునకు నిషిద్ధము. అయినను పేతురు వెళ్లెను. దేవునకు పక్షపాతము లేదని యచట గ్రహించెను. కొర్నేలీ ధర్మమునకు ఫలముగా ధనధాన్యములు రాలేదు. రెండు జాతుల నడుమ మూసియున్న తలుపు తెఱువబడెను.

ఇచట నొక సందేహము పుట్టవచ్చును. జమయు ఖర్చును వ్రాసి నిలువ తేల్చినట్లు, పుణ్యమును లెక్కగట్టి మోక్షమును కొనవచ్చునా? కొనరాదు. రక్షణము దేవుని కృపవలన కలుగు వరమేగాని క్రియలకు కూలి కాదని పౌలు ఎఫెసీయులకు వ్రాసెను. క్రియలు లేని విశ్వాసము మృతమని యాకోబు వ్రాసెను. ఈ రెండింటికి విరోధము లేదు. చెట్టునకు ప్రాణమిచ్చునది వేరు. ఆ ప్రాణము కలదని తెలుపునది ఫలము. కుడిచేయి చేయు ధర్మము ఎడమచేతికి తెలియరాదని క్రీస్తు బోధించుటకు కారణమిదియే. రసీదు కోరి చేసిన దానము రసీదుతోనే తీఱిపోవును.

దీనికి ఆంధ్రదేశముననే యొక నిదర్శనము కలదు. 1876–78 నాటి కరువులో, ఒంగోలునందలి అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, ప్రభుత్వము త్రవ్వించుచుండిన బకింగ్‌హాము కాలువలో కొంతభాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. వారిలో చర్మకారవృత్తివారు పెక్కుమంది. పలువురు బాప్తిస్మము కోరిరి. అన్నముకొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాగూడదని, కరువు సహాయము సాగినంతకాలము ఆయన అంగీకరింపలేదు. అది ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య చరిత్రకెక్కినది. కాని దానికి విలువ నిచ్చినవి, ప్రతిఫలము కోరక అన్నము పెట్టిన ఆ వెనుకటి దినములే.

ప్రార్థన లేని సత్కార్యము గర్వమునకు దారితీయవచ్చును. సత్కార్యము లేని ప్రార్థన శబ్దమాత్రమగును. భారత భాగవతములతోపాటు బైబిలును చదువు పాఠకులు తబితా, కొర్నేలీల కథలను చదివి, పుస్తకము మూసిన పిమ్మట పొరుగువాని కష్టమును విచారింతురుగాక. చదువునకు నిలువ అదియే.