పొంగే వాగులోకి కారు దించకండి



వానాకాలంలో రాత్రివేళ ఆస్పత్రికి బయలుదేరే మీకు ఒక ముఖ్య విషయం. 2024 సెప్టెంబరు 1న మన జిల్లాలోనే, మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం వద్ద ఆకేరు వాగు పొంగి, కారులో వెళ్తున్న తండ్రీకూతుళ్లు మరణించారు.

కారు బరువుగా ఉంటుంది కదా అనుకుంటాం. కానీ అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చగలదు. తేలిన కారుకు బ్రేకు, స్టీరింగు పనిచేయవు. నీటి కింద రోడ్డు తెగిపోయినా కనిపించదు.

కనుక ముందు లారీ వెళ్లిందని మీరు దిగకండి. వెనక్కి తిప్పండి. రోగి వెంట ఉంటే 108కు ఫోన్ చేసి, వాగు సంగతి చెప్పండి. ఒకవేళ నీటిలో చిక్కితే, వెంటనే బెల్టు విప్పి, అద్దాలు దించి, పిల్లలను ముందు బయటికి పంపండి. కరెంటు అద్దాలు తడిస్తే కదలకపోవచ్చు.

ఆలస్యమైనా క్షేమంగా రండి. మంచం మీద ఉన్న మీవారికి మీ తోడు కావాలి.