ఎవర్ని పిలవాలి? ఏం నేర్చుకోవాలి?
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడవాళ్ల మీద జరిగే లైంగిక హింస గురించి చెప్పడానికి మన పల్లెలకి ఎవర్ని పిలవాలి, ఎట్లా పిలవాలి? ఈ పూట మేం చెప్పదల్చుకుంది ఇదే. పెద్దపేరున్న వక్త మైకు ముందు గంటసేపు గర్జించి, దండ వేయించుకుని కారెక్కి పోతే పల్లెకి ఒరిగేదేం లేదు. చప్పట్లు కొట్టినవాళ్లే మర్నాడు స్టేషన్ గడప దగ్గర ఏం మాట్లాడాలో తెలీక నిలబడిపోతారు.

చాలా కేసులు కోర్టుకి రాకముందే, దర్యాప్తులోనే చచ్చిపోతున్నాయి. 2007 ఆగస్టులో అప్పటి విశాఖ జిల్లా వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు తమపై పోలీసులు అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు నిందితుల్ని వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని ఆ కోర్టే చెప్పి, బాధితులకి పరిహారం ఇమ్మంది. అందుకే మనక్కావాల్సింది ఉపన్యాసం కాదు, మొదటిరోజు పని నేర్పే మనిషి.

అట్లాంటివాళ్లు ఎక్కడుంటారు? జిల్లా న్యాయసేవాధికార సంస్థకి అర్జీ పెట్టండి. ఊళ్లలో చట్టాల గురించి శిబిరాలు పెట్టడం దాని పనే. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాల్సిందీ అదే. సఖి కేంద్రంలో పనిచేసేవాళ్లని అడగండి. ఇట్లాంటి కేసులు చూసిన ప్రభుత్వ డాక్టరమ్మని, అట్రాసిటీ కేసులు వాదించిన వకీలుని అడగండి. అందరికన్నా ముందు, బాధితురాలి వెంట స్టేషన్‌కీ ఆస్పత్రికీ నడిచిన మన కూలి అక్కని పిలవండి.

పిలిచేముందు నాలుగు ప్రశ్నలెయ్యండి.

ఒకటి, కొత్త చట్టం తెలుసా? 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కొత్త కేసులక్కూడా 376 సెక్షన్ అనే చెప్పేవాళ్లు పాత కాగితం చదువుతున్నట్టే.

రెండు, అట్రాసిటీ చట్టం తెలుసా? ముందు విచారించి తర్వాత ఎఫ్ఐఆర్ కడతామని పోలీసులు అనడానికి 2018 సవరణ తర్వాత వీల్లేదు. బాధితురాలికీ సాక్షులకీ దారి ఖర్చులివ్వాలని 1995 నిబంధనల్లోనే ఉంది. కులం ఊసెత్తకుండా లైంగిక హింస గురించి చెప్పేవాళ్లు మనకి సగమే చెప్పినట్టు.

మూడు, ఆస్పత్రి సంగతి తెలుసా? ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా బాధితురాలికి వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాల్సిందే. రెండువేళ్ల పరీక్ష ఆమె హక్కుల్ని కాలరాయడమేనని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అది చేసినవాళ్లు దుష్ప్రవర్తన కింద దోషులేనని 2022లో చెప్పింది.

నాలుగు, బాధితురాల్ని వేదికెక్కించమంటారా? అంటే వద్దని చెప్పెయ్యండి. ఆమెని ఏడిపించి సభని కదిలించడం శిక్షణ కాదు. ఆమెని గుర్తుపట్టేట్టు పేరు అచ్చెయ్యడం నేరం కూడా.

డబ్బుల సంగతి ముందే తేల్చుకోండి. వకీలుకి ఫీజిచ్చి, కూలి మానుకుని వచ్చిన అక్కకి ఒట్టి టీ పోసి పంపితే ఎట్లా? ఆమెది మాత్రం విద్య కాదా? ఆమెకీ దారిఖర్చు, ఆ రోజు కూలి, పాఠం చెప్పినందుకు ఫీజు ఇవ్వాలి. ఎంతిచ్చిందీ చందా లెక్కలో రాయాలి.

బహిరంగసభ వద్దు. ఆడవాళ్లు పన్నుంచి వచ్చే వేళకి ఇరవై మందిని కూర్చోబెట్టండి. ఒకరు ఎస్సై, ఒకరు ఫిర్యాదుదారు అయ్యి మాట్లాడి చూడండి. ఫిర్యాదు మన చేత్తోనే రాయించండి. బట్టలు ఉతక్కుండా దాచాలని, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాల్సిందేనని అక్కడే నేర్చుకోవాలి.

మగవాళ్లని ఇంకో పూట కూర్చోబెట్టండి. పెద్దమనుషుల దగ్గర రాజీచేసి, డబ్బులిప్పించి నోరు మూయించేది ఎవరు? దొరలొక్కరేనా? మన పల్లెలో, మన ఇళ్లలో జరిగేదాన్ని పరువు పోతుందని దాచేది ఎవరు? ఈ మాట మన మొహమ్మీద అడిగే ధైర్యం లేని వక్త మనకి అక్కర్లేదు.

వక్త వెళ్లాక సభ బాగా జరిగిందా అని అడక్కండి. అర్ధరాత్రి కబురొస్తే స్టేషన్‌కెళ్లి, ఎఫ్ఐఆర్ కట్టించి, నకలు చేతబట్టుకుని రాగలిగిన ఆడవాళ్లు మన పల్లెలో ఇద్దరైనా తయారయ్యారా అని అడగండి. తయారవలేదంటే ఆ వక్తని మళ్లీ పిలవండి, లేదా ఇంకొకర్ని వెతకండి.